గళ్ళలో గండికోట

పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్, డి90 లాంటిది, చేతికి దొరికితే బ్యాటరీ తీసేసి కంటికి పెట్టుకొని చూడండి. ఎదుటి దృశ్యం మాయం కాదు గానీ మసకబారిపోతుంది. వక్రీభవనం పాఠం చెప్తూ కెమెరా క్లాసులో తిప్పితే ఒక పిల్లవాడు దాన్ని పట్టేశాడు. "ఏమిటికి సార్, బ్యాటరీ పీకితే మబ్బు పట్టినట్టయితాది? లోపల ఉండేది అద్దమూ పట్టకమే గదా, వాటికి కరెంటుతో ఏం పని?"

అసలైన ప్రశ్న. లెన్సు నుంచి వచ్చిన కాంతి వాలుగా ఉన్న అద్దం మీద పడి, పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద బొమ్మ కట్టి, పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. అక్కర పెట్టింది గళ్ళే. ఫోటో పొందికగా రావడానికి తెర మీద కనిపిస్తాయే, ఆ అడ్డగీతలూ నిలువుగీతలూ.

ఒకప్పుడు గళ్ళు కావాలంటే స్క్రీనే మార్చుకునేవారు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌లో పైనున్న పట్టకాన్ని ఊడదీసి, గీతలు చెక్కిన స్క్రీన్ పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే మళ్ళీ ఊడదీయాలి. 2000లో వచ్చిన ఎఫ్80 ఆ బాధ తప్పించింది. మెనూలో ఆన్ అంటే గీతలు వస్తాయి, ఆఫ్ అంటే పోతాయి. ఎలా?

స్క్రీన్ దగ్గర ఒక పలుచని పాలిమర్ పొర ఉంటుంది. అందులో మైక్రాన్ల సైజులో ద్రవస్ఫటికం బిందువులు. ఆ ద్రవం అణువులు పొడుగ్గా, పుల్లల్లా ఉంటాయి. వోల్టేజి లేనప్పుడు ఒక్కో బిందువులో ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. అప్పుడు బిందువు వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న పాలిమర్‌తో కలవదు. కలవని ప్రతి అంచు దగ్గరా కాంతి వంగి చెదురుతుంది. వోల్టేజి ఇస్తే అణువులన్నీ కాంతి నడిచే దిశకే తిరిగి నిలబడతాయి. ఆ దిశలో వాటి గుణకం పాలిమర్ గుణకానికి సరిపోయేలా ముందే ఎంచి పెట్టారు. ఇక అక్కడ బిందువులున్న సంగతే కాంతికి తెలియదు, నేరుగా దాటిపోతుంది. ఉగ్గాని బజ్జీ కట్టిన కాగితం మీద నూనె మరక దగ్గర వెలుతురు కనబడేదీ ఇందుకే. కాగితం పీచుల మధ్య గాలి పోయి నూనె చేరుతుంది, పీచుకూ నూనెకూ గుణకాలు దగ్గర కాబట్టి కాంతి చెదరడం తగ్గుతుంది.

తమాషా ఏమిటంటే, కెమెరాలో బ్యాటరీ ఉన్నంతసేపూ పొరంతటికీ వోల్టేజి ఉంటుంది. గీత కావాలంటే ఆ గీత మేర ఆపేస్తారు. అక్కడ కాంతి చాలావరకు చెదిరిపోయి కంటికి చేరదు, నల్లగా కనిపిస్తుంది. బ్యాటరీ మొత్తమే పీకేస్తే స్క్రీనంతా ఒకే పెద్ద గీత అయిపోతుంది! ఇంత చక్కని ఉపాయం కెమెరాల్లో ఇంకొకటి నేను చూడలేదు.

ఇంకో విషయం. ఆ కెమెరాల్లో నిలువునా మూడు, అడ్డంగా మూడు గీతలు. అంటే ఫ్రేము నాలుగేసి భాగాలవుతుంది. అందరూ చెప్పే 'మూడింట ఒక వంతు' సూత్రానికి అది పనికిరాదని చాలామంది సణిగారు. నా మటుకు నాకు అందులో తప్పేమీ కనబడదు. గళ్ళు పుట్టింది ఆ సూత్రం కోసం కాదు మరి. 1435 నాటి గ్రంథంలో ఇటలీ పండితుడు అల్బెర్తి, పలుచటి గుడ్డ మీద దారాలతో గళ్ళు కట్టి, దాని గుండా చూసి బొమ్మ గీయమన్నాడు. ఫ్లెక్సీలు రాకముందు మన సినిమా బ్యానర్ ఆర్టిస్టులు చేసిందీ అదే కొలత పని. చిన్న ఫోటో మీద పెన్సిల్ గళ్ళు, గుడ్డ మీద పెద్ద గళ్ళు, గడికి గడి ఎక్కించడం. ఫోటోగ్రాఫరుకు గళ్ళు నిట్టనిలువు చూసుకునే మట్టపుగుండు. గండికోటలో కెమెరా పైకెత్తి మాధవరాయ గుడి గోపురం తీస్తే లోపం తెలియదు, గోపురం ఎలాగూ పైకి సన్నబడేదే. జామియా మసీదు తీయండి, రెండు మినార్లూ ఒకదాని వైపు ఒకటి వాలతాయి. నిలువుగీత పక్కన పెడితే ఎంత వాలాయో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మూడో వంతు మాట వేరే దారిన వచ్చింది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే, అచ్చుబొమ్మలు చెక్కే లండన్ కళాకారుడు పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో దానికి సూత్రం అని పేరు పెట్టాడు. బొమ్మలో రెండు వెలుగులు సరిసమానంగా ఉండకూడదన్న చిత్రకారుడు రేనాల్డ్స్ మాట దగ్గర మొదలుపెట్టి, ఆకాశానికి మూడింట రెండు వంతులో ఒక వంతో ఇవ్వమన్నాడు. ఆయన మాట్లాడింది వాటాల గురించి. గీతలు కలిసే నాలుగు బిందువుల మీదే మనిషిని నిలబెట్టాలన్న ఛాందసం తర్వాతివాళ్ళు తగిలించింది.

ఇంగ్లండు ఆకాశంలో మబ్బులుంటాయి, మూడో వంతు ఇచ్చినా నిండుతుంది. మే నెలలో గండికోట లోయ అంచున నిలబడి చూడండి. కింద ఎర్రటి రాతి గోడల మధ్య పెన్న, పైన సున్నం కొట్టినట్టు తెల్లటి శూన్యం. దానికి మూడో వంతు ఇవ్వడం దండగ. నాలుగు భాగాల గళ్ళలో పై గీత మీద క్షితిజాన్ని కూర్చోబెడితే ఆకాశం పావు వంతుకు అణిగి, రాళ్ళకు చోటు దొరుకుతుంది. వానాకాలం మబ్బులు పట్టినప్పుడు లెక్క తిరగేసుకోవచ్చు.

మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చాక అద్దమూ పోయింది, ద్రవస్ఫటికపు పొరా పోయింది. ఇప్పుడు గళ్ళంటే తెర మీద సాఫ్ట్‌వేర్ గీసే గీతలే. నికాన్ జడ్ శ్రేణి కొత్త కెమెరాల్లో మూడు భాగాలో నాలుగు భాగాలో మనమే ఎంచుకోవచ్చు. ఫోన్లలో మాత్రం ఎక్కువగా కనిపించేవి మూడు భాగాల గళ్ళే. వాటితో గండికోట తీసేవాళ్ళు క్షితిజాన్ని పై గీతకు కాస్త ఎగువన పెట్టుకుంటే చాలు.