కారుకు మైనమా, సిరామిక్ పూతా?

వాన పడ్డాక కొన్ని కార్ల మీద నీరు గుండ్రటి బొట్లుగా నిలిచి జారిపోతుంది. మరికొన్నిటి మీద పలచగా పరుచుకుంటుంది. ఎందుకు?

కారు రంగు ఒకే పొర కాదు. లోహం మీద ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ పై పొర తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, దుమ్ము, పక్షి రెట్టలు ముందుగా పాడుచేసేది దీన్నే. అందుకే దాన్ని కాపాడేందుకు, నీటిని పరుచుకోనివ్వకుండా బొట్లుగా జార్చేసే మరో పూత వేస్తారు.

మైనం ఎలా పనిచేస్తుంది?
కార్లకు పూసే మైనాల్లో పేరున్నది కార్నోబా. బ్రెజిల్‌లో పెరిగే, తాటి కుటుంబానికి చెందిన ఓ చెట్టు ఆకుల నుంచి తీస్తారు. మంచి మెరుపునిస్తుంది. కానీ రంగుకు పైపైనే అంటుకుంటుంది కాబట్టి ఎండకూ, షాంపూకూ కొన్ని వారాల్లోనో, రెండు మూడు నెలల్లోనో పోతుంది.

మరి సిరామిక్?
ఇది సిలికాన్ సమ్మేళనాలున్న ద్రవం. పూశాక గట్టిపడి, క్లియర్ కోట్‌ను గట్టిగా పట్టుకున్న గాజులాంటి పలుచని పొర అవుతుంది. సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. ముందే పాలిష్ చేసి సన్నని గీతలు పోగొట్టాలి. లేదంటే అవి పూత కింద అలాగే ఉండిపోతాయి.

ఏది మేలు?
తక్కువ ఖర్చుతో, ఇంట్లోనే మళ్లీ మళ్లీ పూసుకునే ఓపిక ఉంటే మైనం. కారు ఎక్కువగా ఎండలోనే ఉంటూ, ఏళ్లపాటు వాడేదైతే సిరామిక్. రాయి తగిలితే పడే లోతైన గీతను మాత్రం రెండూ ఆపలేవు. ఏది వేసినా కారు కడగడం తప్పదు!