హైదరాబాద్‌లో తిండి కోసం రెండు రోజులు: రూమ్ ఏ ఏరియాలో తీసుకోవాలి?

బసంత్‌నగర్ నుంచి మీ ముందుకు ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ మన దగ్గర చాలామంది అడిగేది. హైదరాబాద్‌కి శని, ఆదివారాలు పోతున్నం, మంచిగ తిని రావాలి, రూమ్ ఎక్కడ తీసుకోవాలి అని.

"ఏ హోటల్‌లో బిర్యానీ బాగుంటది" అనే వీడియోలు వేలల్ల ఉన్నయి. "ఎక్కడ ఉండాలి" అనే దాని మీద మాత్రం ఎవరూ సరిగ్గా మాట్లాడరు. నిజానికి మీరు ఏం తింటరు అనేది సగం అక్కడే ఫిక్స్ అయిపోతది. గచ్చిబౌలిలో రూమ్ తీసుకున్నరు అనుకోండి. చార్మినార్ అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు. తెల్లారి నహారీ తినాలని లిస్టులో రాసుకుంటరు. అలారం మోగినంక ఆ దూరం గుర్తొస్తది, మళ్లీ పడుకుంటరు. లిస్ట్ బాగానే ఉంది, రూమ్ ఉన్న చోటే తప్పు.

ముందు టైమ్, తర్వాత మ్యాప్

మన సింగరేణి బెల్ట్ వాళ్లకి ఈ ముచ్చట ఈజీగా అర్థమైతది. మన దగ్గర తిండి షిఫ్టుల మీద నడుస్తది. మొదటి షిఫ్టుకి పోయేటోళ్ల కోసం చీకట్లోనే పొయ్యి వెలుగుతది. రాత్రి షిఫ్టు దిగేటోళ్ల కోసం టీ కొట్టు తెరిచి ఉంటది. హైదరాబాద్ కూడా అంతే, కాకపోతే అక్కడ ఒక్కో ఏరియాది ఒక్కో షిఫ్టు.

నహారీ సంగతే తీసుకోండి. ఆ పేరు అరబ్బీలో పగలు, పొద్దు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. రాత్రంతా సన్న మంట మీద ఉడికి పొద్దున్నే తినే వంటకం అది. పది గంటలకి తీరిగ్గా పోతే గిన్నె అడుగు కనబడతది. దమ్ బిర్యానీ ఫస్ట్ హండీ మధ్యాహ్నం తెరుస్తరు, దాని రుచే వేరు. ఇరానీ చాయ్ ఎప్పుడైనా ఓకే, కానీ సాయంత్రం పాతబస్తీ సందడిలో తాగితే ఆ మజా వేరే. హలీమ్ అసలు సీజన్ రంజాన్ నెల, అదీ సాయంత్రం ఉపవాసం విడిచే టైమ్ నుంచి రాత్రి దాకా. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

అందుకే ముందు ఒక కాగితం తీసుకుని మీరు తినాలనుకున్నవి టైమ్ ప్రకారం రాయండి. తెల్లవారుజాము, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. తర్వాత ఒక్కటే రూల్: అన్నిటికంటే పొద్దున ఏది ఉందో, దానికి దగ్గరగా రూమ్ తీసుకోండి. ఎందుకంటే మధ్యాహ్నం, సాయంత్రం ఎంత దూరమైనా మెట్రో ఉంటది, ఆటో ఉంటది, మీకు ఓపిక ఉంటది. మెట్రో పొద్దున 6 గంటల తర్వాతే షురూ అయితది. ఆలోపు తినేదేదైనా నడిచో, దగ్గర ఆటోలోనో పోగలిగేలా ఉండాలి. రాత్రి కూడా అంతే. 11 ప్రాంతంలో మెట్రో బంద్ అయితది, ఆ తర్వాత క్యాబ్ రేట్ మీ చేతుల్లో ఉండదు.

ఏ ఏరియా ఎవరికి?

హైదరాబాద్‌ని 2019లో యునెస్కో వాళ్లు వంటకాల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించారు. కానీ ఆ వంటలన్నీ ఒక్కచోట దొరకవు. ఒక్కో ఏరియా చూద్దాం.

మొదటిది చార్మినార్ చుట్టుపక్కల పాతబస్తీ. 1591లో కట్టిన చార్మినార్ నీడలో తెల్లారడం అంటే మామూలు విషయం కాదు. పక్కనే నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్. గుల్జార్ హౌజ్ వైపు గోవింద్ దోశ. పురానీ హవేలీ వైపు నాలుగు మూలల నాన్, పేరే చార్ కోనీ నాన్. నహారీ హోటళ్లు ఉన్నయి. పొద్దుటి తిండికి దీన్ని మించింది లేదు. ఇబ్బంది ఏందంటే రష్, సన్న గల్లీలు, కార్ లోపలికి రాదు, మెట్రో స్టేషన్ లేదు. దగ్గర స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడి నుంచి దాదాపు 2 కిలోమీటర్లు ఆటోలో పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజ్ టైమ్‌కి దారులు ఫుల్ అయితయి. రంజాన్‌లో అయితే రాత్రంతా మనుషులే. ఒక్కరో ఇద్దరు ఫ్రెండ్సో, బ్యాక్‌ప్యాక్‌తో పోతే సూపర్. చిన్న పిల్లలు, పెద్ద సూట్‌కేసులు ఉంటే ఆలోచించండి.

రెండోది నాంపల్లి, అబిడ్స్, మొజంజాహీ మార్కెట్. నా లెక్కలో బాగుండి కూడా తక్కువమంది పట్టించుకునే ఏరియా ఇది. 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫేమస్ ఐస్‌క్రీమ్, 1953 నాటి కరాచీ బేకరీ ఉన్నయి. తెల్లవారకముందే రామ్ కీ బండి దగ్గర వెన్న, చీజ్ వేసిన దోశల కోసం జనం నిలబడతరు. అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఇడ్లీ, వడ, కాఫీకి పాత పేరు. నాంపల్లి, గాంధీభవన్ మెట్రో స్టేషన్లు రెండూ రెడ్ లైన్ మీదే. చార్మినార్‌కి ఆటోలో కొద్దిసేపే. స్టేషన్ పక్కన లాడ్జీలు మాత్రం చూసుకుని తీసుకోవాలి. కొన్ని శుభ్రంగా ఉంటయి, కొన్ని ఫొటోల్లో మాత్రమే శుభ్రంగా ఉంటయి.

మూడోది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. దీని గురించి కాసేపట్లో విడిగా చెప్తా.

నాలుగోది సికింద్రాబాద్. రైలు దిగంగనే తినేయాలి అంటే స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ ఉంది. 1953లో మొదలైన ప్యారడైజ్ ఎంత పెద్ద గుర్తు అంటే, మెట్రో స్టేషన్‌కే ఆ పేరు పెట్టిన్రు. సింధీ కాలనీ సాయంత్రం చిరుతిండికి బాగుంటది. ఒక్క రాత్రి ఉండి తెల్లారి రైలు పట్టేటోళ్లకి ఇదే కరెక్ట్. పాతబస్తీ పొద్దుటి తిండి కావాలంటే మాత్రం దూరం.

ఐదోది అమీర్‌పేట, కూకట్‌పల్లి. హాస్టళ్లు, కోచింగ్‌లు, కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు. ఇక్కడ తిండి టూరిస్టుల కోసం కాదు, నెలాఖరులో జేబు చూసుకునే స్టూడెంట్స్ కోసం. అందుకే రేటు అదుపులో ఉంటది. ఇంటర్వ్యూకో, పరీక్షకో పోయేటోళ్లకి బెస్ట్. అమీర్‌పేటలో రెడ్ లైన్, బ్లూ లైన్ రెండూ కలుస్తయి.

ఆరోది మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్. అర్ధరాత్రి దాకా తినాలి, కొత్త కొత్త కేఫ్‌లు, మండీ హోటళ్లు, ఆఫీసుల పక్కన స్ట్రీట్ ఫుడ్ కావాలి అనుకుంటే ఇక్కడ ఉండండి. రూమ్‌లు కూడా నీట్‌గా ఉంటయి. ఒక్కమాట, మండీకి హైదరాబాద్‌లో పాత ఇల్లు వేరే ఉంది, అది చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చినవాళ్ల బ్యారక్స్ ఉండేవి, ఆ మాటే బార్కస్ అయింది.

మన బెల్ట్ నుంచి పోయేటోళ్లకి గ్రీన్ లైన్

ఇప్పుడు ఆ మూడో ఏరియా. బసంత్‌నగర్, గోదావరిఖని, పెద్దపల్లి నుంచి బస్సులో పోతే రాజీవ్ రహదారి మీద కరీంనగర్, సిద్దిపేట దాటి జేబీఎస్‌లో దిగుతం. రైలైతే భాగ్యనగర్ లాంటివి సికింద్రాబాద్ పోతయి. మెట్రో గ్రీన్ లైన్ ఈ రెండిటినీ ముట్టుకుంటది. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఈ లైన్ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్లు. మధ్యలో సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్.

దీన్ని తిండి మ్యాప్ లాగ చదవండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చి బిర్యానీ, పక్కనే థియేటర్లు. నారాయణగూడ నుంచి ఆటోలో కొద్దిదూరం పోతే కేఫ్ బహార్. సుల్తాన్ బజార్ దిగితే కోఠిలో గోకుల్ చాట్. చివరి స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడి నుంచి చార్మినార్‌కి ఆటో. అంటే నారాయణగూడ, చిక్కడపల్లిలో రూమ్ ఉంటే బస్సు దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కేదాకా ఒకే లైన్ మీద తిరగొచ్చు, రైలు మారే పని లేదు.

రైలు టికెట్ తీసుకునేటప్పుడు మాత్రం దిగే స్టేషన్ పేరు చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టర్మినల్ మొదలైనంక కొన్ని రైళ్లు అటు పోతున్నయి. చర్లపల్లికి మెట్రో లేదు. అక్కడ దిగితే ఈ లెక్క మొత్తం మారిపోతది.

నాన్నని తీసుకుపోతే?

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. వాళ్ల నాన్న భూగర్భ గనిలో చేసి రిటైర్ అయిండు. జీవితమంతా టిఫిన్ డబ్బా అన్నమే. హాస్పిటల్ పనికి తప్ప హైదరాబాద్ చూడలే. ఈసారి హాస్పిటల్ లేకుండా, ఊరికే మంచిగ తినడానికి తీసుకుపోవాలి అన్నా, మోకాళ్ల నొప్పి ఉంది, షుగర్ ఉంది, ఏ ఏరియా చెప్తవ్ అని అడిగింది.

చెల్లె, నీకు నా జవాబు నారాయణగూడ. పాతబస్తీ మధ్యలో వద్దు. ఆ గల్లీల్లో ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా నడవాలి, మోకాళ్లు ఒప్పుకోవు. గచ్చిబౌలి అసలే వద్దు. షుగర్ టాబ్లెట్ వేసుకునేటోళ్లకి భోజనం లేట్ కావద్దు, ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే అది రుచి సమస్య కాదు, ఆరోగ్య సమస్య. ఒకసారి డాక్టర్‌ని కూడా అడిగి బయలుదేరండి. రూమ్ నుంచి పది, పదిహేను నిమిషాల్లో తిండి దొరికే ఏరియానే తీసుకోవాలి.

శనివారం మధ్యాహ్నం జేబీఎస్‌లో దిగి, గ్రీన్ లైన్ ఎక్కి, ముందు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బిర్యానీ. ఇద్దరికి ఒక్కటి తీసుకోండి, మిగతాది పెరుగన్నం చూసుకోవచ్చు. తర్వాత రూమ్‌లో రెస్ట్. సాయంత్రం ఎంజీబీఎస్ దాకా మెట్రో, చార్మినార్‌కి ఆటో, చక్కెర లేకుండా చాయ్ దొరుకుతదా అని అడగండి, లేకపోతే సగం కప్పు. ఆదివారం పొద్దున నాన్న ఎట్లాగూ ఫస్ట్ షిఫ్ట్ టైమ్‌కే లేస్తడు. ఆ టైమ్‌లో రోడ్లు ఖాళీ, ఆటోలో పది నిమిషాల్లో మొజంజాహీ మార్కెట్. వేడి వేడి దోశ ఆయన చేతిలో పెట్టు. ఇన్నేళ్లు డ్యూటీ కోసం లేచిన మనిషి, ఒక్కరోజు దోశ కోసం లేస్తడు. అంతకంటే ఏం కావాలి చెప్పు.

బుక్ చేసే ముందు చూడాల్సినవి

యాప్‌లో రేటింగ్ కంటే ముందు రివ్యూల్లో "లిఫ్ట్", "నీళ్లు", "సౌండ్" అనే మాటలు వెతకండి. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు అంటే పెద్దవాళ్లకి అది రూమ్ కాదు, శిక్ష.

మ్యాప్‌లో హోటల్ నుంచి మీ పొద్దుటి తిండి దాకా నడిచే దారి పెట్టి చూడండి. "మెట్రో పక్కనే" అని రాసిన ప్రతిదీ పక్కన ఉండదు.

రాత్రి ఎన్నింటికి గేట్ మూస్తరో ఫోన్ చేసి అడగండి. పాత లాడ్జీల్లో ఇది ముఖ్యం. తెల్లవారుజామున బయటికి పోతం అని ముందే చెప్పండి.

అందరి ఒరిజినల్ ఐడీలు పెట్టుకోండి. ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ ఉన్న రూమ్‌కి ఎక్కువ పైసలు కట్టకండి. పొద్దున బయట తినడానికే కదా పోతున్నం.

ఇదే లెక్క మన ఊరికి

ఈ పద్ధతి హైదరాబాద్‌కే కాదు. రేపు మీ కాలేజ్ ఫ్రెండ్ మన దిక్కు వస్తా అన్నడు అనుకోండి, ఎక్కడ ఉండమంటరు? సాయంత్రం బండ్ల మీద తిరగాలి అంటే గోదావరిఖని. వేరే రాష్ట్రాల నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ల రొట్టెలు, కూరలు కావాలంటే ఎన్టీపీసీ వైపు. లారీ డ్రైవర్లు ఆగే దాబా కావాలంటే రాజీవ్ రహదారి మీద, మన బసంత్‌నగర్ పక్కన. సిమెంటు, బొగ్గు లోడ్ ఏసుకుని పోయేటోళ్లు ఎక్కడ ఆగుతున్నరో చూస్తే చాలు, రివ్యూలు అక్కర్లేదు.

కానీ సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టెలో పచ్చిపులుసు, ఇవి అసలు రుచితో కావాలంటే ఏ లాడ్జీ సరిపోదు. అప్పుడు ఉండాల్సిన ఏరియా మీ ఇల్లే. ఫ్రెండ్‌ని ఇంటికే తీసుకుపోండి, అమ్మకి ఒకరోజు ముందు చెప్పండి.

సరే ఫ్రెండ్స్, మీ లిస్టులో అన్నిటికంటే పొద్దున తినేది ఏందో కామెంట్‌లో రాయండి, దానికి దగ్గర ఏరియా నేను చెప్తా. హైదరాబాద్ పోయేటోళ్లకి ఈ ఎపిసోడ్ షేర్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.