ఉబ్బెత్తు అక్షరములు - వెలుగునీడల కిటుకు

పంచాయతీ కార్యాలయముల ముందర కట్టు ఫ్లెక్సీలపై కొన్ని అక్షరములు పైకి లేచినట్లు కనుపించుచుండును. చేతితో తడవి చూచినచో ఎత్తు ఏమియు తగులదు. ఇది కంప్యూటరులో బొమ్మలను తీర్చు సాఫ్టువేరు కల్పించు దృష్టిభ్రమ. గ్రామప్రజల సొమ్ముతో ప్రకటనలు వేయించు సభ్యులు దీని గుణదోషములను తెలిసికొనియుండుట మంచిది.

వెలుతురు పైనుండి పడునని మన కన్ను సహజముగా ఎంచును. అందుచే అక్షరపు పై అంచు తెల్లగాను, క్రింది అంచు నల్లగాను ఉన్నచో అది ఉబ్బినట్లు తోచును. ఆ బొమ్మనే తలక్రిందులుగా పట్టుకొనినచో అక్షరము చెక్కిన శాసనమువలె లోతుగా కనుపించును. వస్తువు ఆకారమును మార్చక, వెలుగునీడల లెక్కను మాత్రమే మార్చి మిట్టపల్లములను చూపు విధానమును 1978లో జేమ్స్ బ్లిన్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. దానికే బంప్ మ్యాపింగ్ అని పేరు.

జింప్ అను సాఫ్టువేరు ఉచితముగా లభించును. దీనిని 1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇరువురు ప్రారంభించిరి. ఇందు పని ఇట్లు సాగును. మొదట నల్లని పొరపై తెల్లని అక్షరములు వ్రాయవలెను. పిదప ఆ పొరను కొంచెము మసకపరుపవలెను. అప్పుడు తెలుపునుండి నలుపునకు క్రమముగా దిగు వాలు ఏర్పడును. ఆ మీదట వేరొక రంగు పొరను ఎన్నుకొని, ఫిల్టర్స్ పట్టికలో మ్యాప్ విభాగముననున్న బంప్ మ్యాప్‌ను తెరచి, మసక పొరను పటముగా చూపవలెను. తెల్లని చోట్లు మిట్టలుగాను, నల్లని చోట్లు పల్లములుగాను మారును. ఫోటోషాప్‌లో ఇదే పనికి బెవెల్ అండ్ ఎంబోస్ అను సదుపాయము గలదు.

ఇందు మూడు జాగ్రత్తలు అవసరము. మొదటిది, ఒక ఫ్లెక్సీలోని అక్షరములన్నిటికి వెలుతురు ఒకే దిక్కునుండి రావలెను. లేనిచో కొన్ని ఉబ్బెత్తుగాను, కొన్ని గుంటలుగాను తోచును. రెండవది, మసకయు లోతును మితముగా నుండవలెను. తెలుగు లిపిలో చిన్న గీతయే అర్థమును మార్చును. అంచులు లావెక్కినచో 'ప'కును 'ఫ'కును భేదము చెడును, ఒత్తులు పూడిపోవును. మూడవది, ఈ అలంకారమును శీర్షికకే పరిమితము చేయవలెను. గ్రామసభ తేది, వేళ, స్థలము సాదా అక్షరములలో, నేలరంగునకు భిన్నమైన రంగులో ఉండవలెను.

చూపులేని వారికి ఈ ఎత్తు అక్కరకు రాదు. వారు వ్రేళ్లతో చదువుటకు నిజముగా ఉబ్బిన బ్రెయిలీ చుక్కలు కావలెను. లేదా ప్రకటనను చదివి వినిపింపవలెను.

కావున అచ్చునకు ఇచ్చుటకు ముందు ఒక చిన్న ప్రతిని గోడకు అంటించి, పది అడుగుల దూరమునుండి ఒక వృద్ధునిచే చదివించి చూడుడు. ఆయన తడబడక చదివినచో ఆ ప్రకటన పనికివచ్చినట్లే. చదువలేనిచో ఎంత అందముగా నున్నను దానిని మార్పింపవలెను. గ్రామసభకు రావలసినవాడు తేదిని చదువలేక ఇంట నిలిచిపోయినచో, ఆ ఫ్లెక్సీకై వెచ్చించిన సొమ్ము వ్యర్థమే కదా!