1985–86 స్తెయావా బుకారెస్ట్ ఫుట్‌బాల్ సీజన్

స్తెయావా బుకారెస్ట్ రొమేనియా దేశ రాజధాని బుకారెస్ట్ నగరానికి చెందిన ఫుట్‌బాల్ క్లబ్బు. రొమేనియా భాషలో స్తెయావా అనగా నక్షత్రం. 1985–86 సీజన్‌లో ఈ జట్టు స్వదేశంలో లీగ్ విజేతగా నిలుచుటయే గాక, ఐరోపా ఖండపు క్లబ్బుల పోటీలలో అత్యున్నతమైన యూరోపియన్ కప్పును కూడా గెలుచుకొన్నది. తూర్పు ఐరోపా నుండి ఈ కప్పును గెలిచిన మొట్టమొదటి జట్టు ఇదే.

నేపథ్యం

ఈ క్లబ్బును 1947 జూన్ 7న రొమేనియా సైన్యం స్థాపించినది. పలుమార్లు పేరు మారిన పిదప 1961లో దీనికి స్తెయావా అను పేరు స్థిరపడినది. బుకారెస్ట్‌లోనే ఉన్న దినమో క్లబ్బు అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖకు చెందినది. కావున ఈ రెండు జట్ల మధ్య పోటీ ఆటస్థలానికే పరిమితమై ఉండలేదు.

ఆనాడు రొమేనియాను నికొలాయె చౌషెస్కు పాలించుచుండెను. విదేశీ ఋణాలు తీర్చుటకై ప్రభుత్వం కఠినమైన పొదుపు విధానాన్ని అమలు జరిపినది. ఆహార పదార్థాలకు రేషను, విద్యుత్తుకు కోత సర్వసాధారణమైనవి. దూరదర్శన్ ప్రసారాలను సైతం పనిదినాలలో సుమారు రెండు గంటలకు కుదించినారు. ఆటగాళ్ళు విదేశీ క్లబ్బులలో చేరుటకు అవకాశం లేనందున, దేశంలోని మేటి ఆటగాళ్ళందరూ స్వదేశీ జట్లలోనే ఉండిరి.

1984–85లో స్తెయావా లీగ్‌ను, రొమేనియా కప్పును రెండింటినీ గెలిచినది. లీగ్ విజేత కావడం వలన మరుసటి సీజన్‌లో యూరోపియన్ కప్పులో ఆడే అర్హత లభించినది.

స్వదేశంలో పోటీలు

రొమేనియా ప్రథమ శ్రేణి లీగ్ అయిన దివిజియా ఆ లో అప్పుడు 18 జట్లు ఉండేవి. ప్రతి జట్టు 34 ఆటలు ఆడవలెను. గెలుపునకు 2 పాయింట్లు, సమానంగా ముగిసిన ఆటకు 1 పాయింటు. ఎమెరిక్ యెనెయ్ శిక్షణలో స్తెయావా ఈ లీగ్‌ను వరుసగా రెండవసారి గెలుచుకొన్నది. బుకారెస్ట్‌కే చెందిన స్పోర్తుల్ స్తుదెంత్సెస్క్ ద్వితీయ స్థానంలో నిలిచినది. ఆ జట్టులోని యువకుడు గెయొర్గె హాజి 31 గోళ్ళతో ఆ ఏటి లీగ్‌లో అత్యధిక గోళ్ళు చేసిన ఆటగాడైనాడు.

రొమేనియా కప్పు మాత్రం చేజారినది. యూరోపియన్ కప్పు గెలిచి తిరిగివచ్చిన జట్టును ఫైనల్‌లో చిరకాల ప్రత్యర్థి దినమో 1–0 తేడాతో ఓడించినది.

యూరోపియన్ కప్పు

1985 మే 29న బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో జరిగిన దుర్ఘటనలో 39 మంది మరణించిన కారణంగా ఇంగ్లండు క్లబ్బులను ఐరోపా పోటీల నుండి నిషేధించినారు. అందువలన ఈ సీజన్‌లో ఇంగ్లండు జట్లు లేవు. ఫైనల్ తప్ప ప్రతి దశలోను రెండు ఆటలు, ఒకటి స్వస్థలంలో, మరొకటి ప్రత్యర్థి స్థలంలో జరిగేవి. రెండింటి గోళ్ళను కలిపి విజేతను నిర్ణయించేవారు. ఫైనల్ వరకు స్తెయావా ఫలితాలు ఇవి:

* మొదటి దశ: వైలె (డెన్మార్క్) – బయట 1–1, స్వస్థలంలో 4–1
* రెండవ దశ: హోన్వేద్ (హంగరీ) – బయట 0–1, స్వస్థలంలో 4–1
* క్వార్టర్ ఫైనల్: కూసుసి (ఫిన్లాండ్) – స్వస్థలంలో 0–0, బయట 1–0
* సెమీ ఫైనల్: ఆండర్‌లెక్ట్ (బెల్జియం) – బయట 0–1, స్వస్థలంలో 3–0

ఈ ఫలితాలలో ఒక విషయం గమనింపదగినది. నాలుగు దశలలోను స్తెయావా మొదటి ఆటను గెలువలేదు. ప్రతిసారి రెండవ ఆటలోనే పరిస్థితిని చక్కదిద్దుకొన్నది. ఫిన్లాండ్‌లో విక్టర్ పిత్సుర్కా చివరి నిమిషాలలో చేసిన ఒకే ఒక గోల్ జట్టును గట్టెక్కించినది. 1986 ఏప్రిల్ 16న ఆండర్‌లెక్ట్‌పై పిత్సుర్కా రెండు గోళ్ళు, గావ్రిల్ బాలింత్ ఒక గోల్ చేసినారు.

ఫైనల్

1986 మే 7న స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఫైనల్ జరిగినది. ప్రత్యర్థి స్పెయిన్ దేశానికే చెందిన బార్సిలోనా. స్టేడియంలోని సుమారు 70,000 మంది ప్రేక్షకులలో అత్యధికులు ఆ జట్టు అభిమానులే. రొమేనియా నుండి వచ్చినవారు వేయిమంది వరకు మాత్రమే. పైగా స్తెయావా నాయకుడు తుదొరెల్ స్తొయికాపై నిషేధం ఉన్నందున ష్టెఫాన్ యొవాన్ నాయకత్వం వహించినాడు. బార్సిలోనా జట్టే గెలుచునని అందరూ భావించినారు.

స్తెయావా ఆటగాళ్ళు తొందరపడక, బంతిని తమవద్దనే ఉంచుకొనుచు ప్రత్యర్థిని విసిగించినారు. రెండవ అర్ధభాగంలో సహాయ శిక్షకుడైన అంగెల్ యొర్దానెస్కు, 36 ఏళ్ళ వయస్సులో, తానే ఆటగాడిగా మైదానంలో దిగినాడు. 90 నిమిషాలలోను, అదనపు 30 నిమిషాలలోను ఎవరూ గోల్ చేయలేదు. విజేతను పెనాల్టీ షూటౌట్ ద్వారా తేల్చవలసి వచ్చినది. ఈ పద్ధతిలో ఇరుజట్లు చెరి ఐదు కిక్కుల వరకు ఒకరి తరువాత ఒకరుగా కొట్టెదరు. గోల్ కీపర్ ఒక్కడే వాటిని ఎదుర్కొనవలెను.

స్తెయావా తరఫున మజారు, బొలొని కొట్టిన మొదటి రెండు కిక్కులను బార్సిలోనా కీపర్ ఉర్రుతి ఆపినాడు. అయితే స్తెయావా కీపర్ హెల్ముత్ దుకాదమ్ అలెక్సాంకో, పెద్రాసా, పీచి అలొన్సో, మార్కోస్ కొట్టిన నాలుగు కిక్కులను వరుసగా ఆపివేసినాడు. మొదటి మూడింటికి అతడు తన కుడివైపునకు దూకినాడు. నాలుగవ దానికి ఎడమవైపునకు దూకినాడు. లకాతుష్, బాలింత్ గోళ్ళు చేయగా స్తెయావా 2–0తో గెలిచినది.

జట్టు స్వరూపం

జట్టులో వివిధ జాతులవారుండిరి. శిక్షకుడు యెనెయ్, మధ్యస్థ ఆటగాడు లాస్లో బొలొని హంగేరియన్ మూలాలు గలవారు. దుకాదమ్ జర్మన్ జాతీయుడు. రక్షణపంక్తిలోని మియోద్రాగ్ బెలొదెదిచ్ సెర్బ్ జాతీయుడు. ఇతడు తరువాత యుగోస్లావియాకు వెళ్ళి, 1991లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ జట్టులో ఉండి రెండవసారి యూరోపియన్ కప్పు అందుకొన్నాడు.

విమర్శ

సైన్యపు అండ, చౌషెస్కు కుమారుడు వలెంతిన్ ఆదరణ ఉన్నందున స్వదేశంలో స్తెయావాకు అనుచిత లాభం కలిగెనను విమర్శ కలదు. 1988 రొమేనియా కప్పు ఫైనల్‌లో బాలింత్ గోల్‌ను తిరస్కరించగా స్తెయావా ఆటగాళ్ళు మైదానం విడిచి వెళ్ళినారు. అయినను అధికారులు కప్పును ఆ జట్టుకే ఇచ్చినారు. ఇటువంటి ఘటనలు విమర్శకు బలం చేకూర్చినవి. కాని సెవిల్‌లో రిఫరీ ఫ్రాన్సు దేశస్థుడు, ప్రేక్షకులు ప్రత్యర్థి పక్షంవారు, మైదానం స్పెయిన్‌లోనిది. రొమేనియా ప్రభుత్వపు పలుకుబడి అక్కడ చెల్లదు. కావున దేశీయ విజయాలను ఎంత శంకించినను, ఈ విజయాన్ని ఆట నైపుణ్యంగానే గుర్తింపవలసి యున్నది.

తరువాతి పరిణామాలు

ఫైనల్ జరిగిన కొద్ది నెలలకే దుకాదమ్ కుడిచేతి రక్తనాళంలో వ్యాధి ఏర్పడి, అతని క్రీడాజీవితం దాదాపు ఆగిపోయినది. పాలకుల ఆగ్రహం వలన అతని చేయి విరుగగొట్టినారని వదంతి పుట్టినది. దానిని అతడే ఖండించినాడు. కొన్నేళ్ళ తరువాత అరద్ పట్టణపు చిన్న జట్టులో మరల ఆడినాడు. 2024 డిసెంబరు 2న 65వ ఏట మరణించినాడు.

1986 డిసెంబరులో టోక్యోలో జరిగిన ఇంటర్ కాంటినెంటల్ కప్పులో అర్జెంటీనాకు చెందిన రివర్ ప్లేట్ చేతిలో స్తెయావా 0–1తో ఓడినది. 1987 ఫిబ్రవరి 24న మొనాకోలో జరిగిన యూరోపియన్ సూపర్ కప్పులో, కొత్తగా జట్టులో చేరిన హాజి చేసిన గోల్‌తో దినమో కీవ్‌పై 1–0తో గెలిచినది. 1986 జూన్ నుండి 1989 సెప్టెంబరు వరకు లీగ్‌లో వరుసగా 104 ఆటలలో ఓటమి ఎరుగలేదు. 1989లో మరల యూరోపియన్ కప్పు ఫైనల్ చేరి, ఇటలీకి చెందిన మిలాన్ జట్టుతో 0–4 తేడాతో ఓడినది.

1998లో ఫుట్‌బాల్ శాఖ సైన్యపు క్లబ్బు నుండి విడిపోయినది. స్తెయావా పేరుపై హక్కు ఎవరిదను వివాదం న్యాయస్థానాలకెక్కినది. 2017లో విడిపోయిన క్లబ్బు ఎఫ్.సి.ఎస్.బి. అను పేరు స్వీకరించినది. అదే ఏడు సైన్యపు క్లబ్బు తన ఫుట్‌బాల్ జట్టును పునరుద్ధరించినది. 1986 నాటి కప్పు తమదేనని ఉభయ పక్షాలవారు చెప్పుకొనుచున్నారు.