కాల్చిన ఇనుము నరాన్ని అతకదు

రాయచూరు కోటగోడలో 41 అడుగుల పొడవున్న ఒంటి రాతిపలక ఉంది. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి కాలంలో, 1294లో, ఈ కోట లేచిన సంగతి దానిమీద చెక్కి ఉంది. అంత బండ గని నుంచి ఎలా వచ్చిందో చూపే చెక్కడమూ పక్కనే ఉంది: బిళ్ల చక్రాల బండిమీద పలక, ముందు బారులు తీరిన దున్నపోతులు, అదిలించే మనుషులు, వెనక చక్రాలకు మీటకర్రలు వేసి ఎగదోసేవాళ్లు. ఆ ఊళ్లోనే ఇప్పుడు ఏటా ఏరువాక పున్నమికి, కన్నడిగుల కారహుణ్ణిమెకి, మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు హబ్బలో ఎద్దులు టన్నున్నర, రెండు టన్నులు, ఆపైన బరువున్న బండలు లాగుతాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచీ జతలు వస్తాయి. గెలిచిన జత పేరు నాలుగూళ్లకూ పాకుతుంది. ఇలాంటి లాగుడులో కాలు పట్టేసిన ఎద్దు సంగతి మాత్రం దొడ్డి దాటి బయటికి రాదు. రెండు వారాలు కుంటుతుంది, వాపు తీస్తుంది, కాడి కిందికి వస్తుంది, మళ్లీ కుంటుతుంది. చివరికి వాత పడుతుంది. ఈ వాత వైద్యం కాదని గుర్రాల వైద్యం నలభై ఏళ్ల కిందటే తేల్చింది. ఆ తీర్పు ఎద్దుకూ అందాలి.

మన వాడుకలో రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టిపట్టే తాడూ నరమే. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ తాడు గురించి. డాక్టర్లు దాన్ని టెండాన్ అంటారు, ఎముకను ఎముకకు కట్టేదాన్ని లిగమెంట్ అంటారు. రెండూ కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు పేనిన తాళ్లే. దౌడు తీసే గుర్రానికి ముంగాలి వెనక ఉన్న టెండాన్ తన పొడవులో పదో వంతుకు మించి సాగుతుంది, దాని నడిమధ్య వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. అందులో జీవకణాలు తక్కువ, రక్తప్రసారం అంతకన్నా తక్కువ. అందుకే పోగులు తెగితే అతుకు నెమ్మదిగా పడుతుంది. మొదట శరీరం నింపేది చిక్కుపడ్డ, బలం లేని వేరే రకం కొల్లాజెన్‌. అది వరుసకు వచ్చి గట్టిపడటానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. నొప్పి కొన్ని వారాల్లో తగ్గుతుంది, బలం రావడానికి నెలలు పడుతుంది. కొత్త గాయం మొండిగాయంగా మారేది ఈ ఎడంలోనే.

వాతకు పెద్దల అనుభవం సాక్ష్యం అంటారు. వాత పెట్టాక కుంటు తగ్గిన పశువులు నిజంగానే ఉన్నాయి, ఆ మాట కొట్టిపారేయలేం. కానీ కాలిన కాలుతో ఏ ఎద్దునూ వెంటనే కాడి కట్టరు. పుండు మానేదాకా దొరికిన విశ్రాంతి చేసిన మేలు ఇనుము ఖాతాలో పడుతుంది. ఇంగ్లండులో గుర్రాలకూ తరతరాలుగా ఇలాగే కాల్చేవారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాల్చిన కాళ్లనూ కాల్చని కాళ్లనూ పోల్చి 1983లో ఫలితాలు ప్రకటించారు: టెండాన్ మానడంలో వాత వల్ల లాభం లేదు, మిగిలింది నొప్పే. 1991లో బ్రిటన్ పశువైద్యుల రాయల్ కాలేజీ దాన్ని వృత్తిధర్మానికి విరుద్ధమని ప్రకటించింది.

ఎద్దు గుర్రం కాదు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఎద్దుది చీలిన గిట్ట, దౌడు కాదు లాగుడు, లాగేటప్పుడు తోపు ఎక్కువగా వెనక కాళ్లది. తాడు పేనిన పోగు మాత్రం రెంటికీ ఒకటే, అతుకుపడే క్రమమూ ఒకటే. పైగా ఈ తేడాయే ముందు రోగం తేల్చుకోమని చెబుతుంది. ఎద్దు లేచి అడుగు వేయబోతే వెనక కాలు కర్రలా బిగుసుకుని వెనక్కి చాచుకుంటుంది, గిట్ట ముందు అంచు నేలను గీస్తుంది, ఒక్క విదిలింపుతో కాలు విడుతుంది. అది మోకాటిచిప్ప పైకి జరిగి, దాని లిగమెంటు తొడ ఎముక గట్టుకు కొక్కెంలా తగులుకోవడం. మన పశువుల్లో తరచూ కనిపించే జబ్బు. అక్కడ మత్తిచ్చి లోపలివైపు లిగమెంటును కోయడమే చికిత్స. కొన్ని నిమిషాల పని, చాలా ఎద్దులు వెంటనే నడుస్తాయి. కుంటే కదా అని అన్నిటికీ ఒకేచోట వాత పెడితే, నిమిషాల్లో తీరే బాధ ఏళ్లు సాగుతుంది.

టెండాన్ పోగులు తెగితే మొదటి రోజుల్లో చన్నీళ్లు, కట్టు, డాక్టరు రాసిన నొప్పిమందు. డైక్లోఫెనాక్ మాత్రం వద్దు, రాబందుల చావుకు కారణమని దాన్ని పశువులకు 2006లోనే నిషేధించారు. నొప్పి చిటికెలో తీసే స్టెరాయిడ్ సూది టెండాన్‌లోకి గుచ్చితే అది బలహీనపడుతుంది. ఆ తర్వాత గట్టినేల మీద పలుపు పట్టుకుని పది నిమిషాల నడక, వారాలు గడిచేకొద్దీ ఇంకాస్త. తడిసిన రేగడిలోకి దింపకూడదు. గర్భం చూసే స్కానింగ్ యంత్రంతోనే టెండాన్‌లో మిగిలిన నల్లటి గుంట కనిపిస్తుంది, అది పూడేదాకా బరువు పెంచకూడదు. గుర్రాలకు చేసే మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స మనకెక్కడ అందుతుందన్న దిగులు అక్కర్లేదు. 2012లో ప్రకటించిన అధ్యయనంలో ఆ చికిత్స పొందిన 113 పందెపు గుర్రాల్లోనూ నాలుగో వంతుకు పైగా గాయం తిరగబెట్టింది. వాటికీ నెలల తరబడి మెట్టుమెట్టుగా పెంచే నడక తప్పలేదు.

అన్ని నెలలు మేపేదెవరు అన్నదే గట్టి అభ్యంతరం. ఒక్క జతతో బతికే రైతుకు అది నిజమైన కష్టం. అయితే పెద్ద దుక్కి ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టరుది. నాలుగైదు నెలలకు స్కాన్ బాగుంటే ఖాళీ బండికి కట్టవచ్చు, తేలిక గుంటకకు ఆ తర్వాత. ఇక పందెపు జతలు లక్షలు పలుకుతాయి, వాటి యజమానులకు ఈ మాట చెల్లదు. నిర్వాహకులు బండ దగ్గరికి రాకముందే ప్రతి ఎద్దునూ పశువైద్యుడి ముందు నడిపించాలి, కుంటును ఆపాలి, వెనక కాళ్ల మీద కొత్త వాత కనిపిస్తే వెనక్కి పంపాలి. పల్లెలో కాలు పట్టేసిన రోజే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వాపు వేడి మీద ఉండగానే చూపించాలి, కర్రు కాల్చే మనిషి కోసం కబురు పంపక ముందే.