పేపరు పంపే ముందు

పరిశోధన వ్యాసాన్ని ఎవరైనా పైసా కట్టకుండా చదువుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచడమే ఓపెన్ యాక్సెస్. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనతో ఈ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. ఖరీదైన జర్నళ్లకు చందా కట్టలేని కాలేజీలకు ఇది పెద్ద మేలు. పాఠకుడు కట్టని ఖర్చును కొన్ని జర్నళ్లకు వాటిని నడిపే సంస్థలు భరిస్తాయి, కొన్ని రచయిత దగ్గర ఫీజు తీసుకుంటాయి. మోసగాళ్లు చొరబడింది ఈ ఫీజు దారిలోనే.

ఫీజు అడిగినంత మాత్రాన జర్నల్ దొంగది కాదు. మంచి జర్నల్ వ్యాసాన్ని ముందుగా ఆ రంగం తెలిసినవాళ్లకు పంపి తప్పులు పట్టిస్తుంది. దీనికి నెలలు పడుతుంది, చివరికి తిరస్కరించినా ఆశ్చర్యం లేదు. దొంగ జర్నల్ ఈ పరీక్ష పెట్టకుండానే డబ్బు గుంజుతుంది. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి కావాలనే ఘోరమైన తప్పులు పెట్టిన వ్యాసాన్ని 304 జర్నళ్లకు పంపితే, సగానికి పైగా వేసుకుంటామన్నాయి!

ఇదెక్కడో దూరాన జరిగే మోసం కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరిగిందని నమ్మించారని, ఫీజు సంగతి వ్యాసం అంగీకరించాక గానీ చెప్పలేదని, ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లను ఎడిటర్లుగా వాడుకున్నారని, వ్యాసం వెనక్కి ఇమ్మన్నా ఇవ్వలేదని ఆరోపణలు. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. వీటన్నిటిలో వ్యాసం వెనక్కి ఇవ్వకపోవడమే నాకు క్రూరంగా తోస్తుంది. అలా చిక్కుకున్న వ్యాసాన్ని మరో మంచి జర్నల్‌కు పంపే దారి కూడా మూసుకుపోతుంది.

మన దగ్గర ఈ వ్యాపారానికి గిరాకీ తెచ్చింది ఎన్ని పేపర్లు వేశారన్న లెక్కే. పీహెచ్‌డీ థీసిస్‌కు ముందు పేపరు వేసి తీరాలన్న షరతును యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022లో తీసేసింది. ప్రమోషన్ల దగ్గర మాత్రం లెక్కింపు పోలేదు. నమ్మదగ్గ జర్నళ్లను చూపే యూజీసీ కేర్ జాబితాను కూడా 2025లో ఆపేశారు కాబట్టి ఇక ఎవరికి వారే చూసుకోవాలి.

వారంలో వేస్తామనే మెయిల్‌ను నమ్మకండి. జర్నల్‌ను గుర్తించడానికి ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబరు నాణ్యతకు ముద్ర కాదు. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ అయిన డీఓఏజే జాబితాలో ఆ జర్నల్ ఉందేమో వెతకండి, అందులో వచ్చిన పాత వ్యాసాలు నాలుగు చదవండి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరికి, వాళ్ల యూనివర్సిటీ మెయిల్‌కే రాసి అడగండి. గైడ్లకు ఒక విన్నపం: మీ స్కాలర్ తొలి పేపరు పంపే ముందు ఆ జర్నల్‌ను మీరూ ఒకసారి తెరిచి చూడండి.