చల్లచల్లని పెరుగు పచ్చడి

ఎండాకాలం వచ్చిందంటే మా షోలాపూరులో మధ్యాహ్నం పూట ముద్ద దిగదు. అటువంటప్పుడు ఒక గిన్నెడు కీరా దోసకాయ పెరుగు పచ్చడి ఉంటే చాలు, భోజనం సాగిపోతుంది. పొయ్యి దగ్గర నిలబడేది కూడా పోపు వేగేంతసేపే.

మనవాళ్లు స్థిరపడిన చోట్ల దీనికి చుట్టాలు చాలామందే. కర్ణాటకలో మొసరు బజ్జి అంటారు, తమిళనాడులో తయిర్ పచ్చడి అంటారు. ఇక్కడ మహారాష్ట్రలో కాకడీ కోశింబీర్. అందులో వేయించిన పల్లీల పొడి, చిటికెడు పంచదార వేస్తారు.

కావలసినవి (నలుగురికి): లేత కీరా దోసకాయలు 2, కమ్మని పెరుగు 2 కప్పులు, పచ్చిమిర్చి 2, చిన్న అల్లం ముక్క, కొత్తిమీర, ఉప్పు. పోపుకు నూనె 1 చెంచా, మినప్పప్పు 1 చెంచా, ఆవాలు, జీలకర్ర అర చెంచా చొప్పున, ఎండుమిర్చి 1, ఇంగువ, కరివేపాకు.

చేసే విధానం: ముందుగా కాయ కాడవైపు చిన్న ముక్క కోసి రుచి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ వాడకండి. పెరుగులో కలిపినా ఆ చేదు పోదు.

పచ్చడి కాసేపటికే నీళ్లగా అయిపోతుందని చాలామంది అంటారు. కీరాలో నూటికి 95 పాళ్లు నీరే. ఉప్పు తగలగానే అది బయటికి వస్తుంది. అందుకని ఆ నీటిని ముందే రప్పించాలి. చెక్కు తీసి కోరిన కీరాకు అర చెంచా ఉప్పు పట్టించి పావుగంట ఉంచి, గట్టిగా పిండండి. ఆ నీరు పారబొయ్యకుండా మజ్జిగలో కలపండి. పెరుగును కూడా జల్లెడలో పలుచని బట్ట పరచి పోసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే మీగడలా చిక్కబడుతుంది.

తినబోయే ముందు పెరుగు చిలికి, కీరా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలపండి. రుచి చూశాకే ఉప్పు వెయ్యండి. పోపు చల్లారాక కలపాలి. వేడిగా పోస్తే పెరుగు విరుగుతుంది. పప్పన్నంలోకీ, జొన్నరొట్టెలోకీ బాగుంటుంది. ఆ పూటకు ఆ పూటే ముగించండి.

మా కోడలు మరాఠీ అమ్మాయి. తను చేస్తే పల్లీల పొడి పడుతుంది, నేను చేస్తే మినప్పప్పు పోపు పడుతుంది. ఎవరు చేసినా గిన్నె ఖాళీయే. నా పట్టింపల్లా పేరు దగ్గరే. మనవడు "ఆజీ, కోశింబీర్ వాఢ్" అంటాడు. "ఇదిగో నాన్నా, పెరుగు పచ్చడి" అంటూ వడ్డిస్తాను. వాడికి బడిలో తెలుగు లేదు. ఇంట్లో వినబడేదీ ఎక్కువగా కంచం దగ్గరే. చెక్కు, కోరు, పోపు, మీగడ, ముద్ద – ఈ మాటలు వాడు పుస్తకంలో చదవలేదు, కొత్తిమీర తుంచుతూ నా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఈమధ్య కోడలు కూడా "పచ్చడి కలిపాను అత్తయ్యా" అంటోంది. పల్లీల పొడి వేసే కలిపింది లెండి!

మీ ఊళ్లో ఇందులో ఏం కలుపుతారో, మీ పిల్లలు దీన్ని ఏమని అడుగుతారో మన పత్రికకు రాయండి.